ఘాజీ గుర్తుంది, విక్రాంత్ ఏమైంది?

1971 డిసెంబరు యుద్ధం గురించి మన కుర్రకారుని ఎవరినైనా కదిపి చూడండి. మొదట వినపడే పేరు ఘాజీ. అది మన ఓడ కాదు, విశాఖ ఎదుట సముద్రంలో మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరీన్. దాని పేరుతో 2017లో తెలుగులో సినిమా వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది, యూనిఫాంలో రానా బాగున్నాడు. సరే, ఆ సబ్‌మెరీన్ కరాచీ నుంచి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతం దాకా ఎవరి కోసం వచ్చింది? సినిమా శ్రద్ధగా చూసినవాళ్ళు విక్రాంత్ కోసం అంటారు. మరి ఆ విక్రాంత్ ఇప్పుడెక్కడుంది అని అడిగితే, "కొచ్చిలో మనమే కట్టుకున్నాం కదా, 2022లో ప్రధాని వచ్చి నౌకాదళానికి అప్పగించారు కదా" అంటారు.

అది వేరే విక్రాంత్. ఘాజీ వెతుక్కుంటూ వచ్చిన విక్రాంత్‌ని 2014లో అరవై కోట్ల రూపాయలకి పాత ఇనుము కింద అమ్మేశాం. ముక్కలు చేశారు, కరిగించారు. ఆ ఇనుములో కొంత ఒక మోటార్‌సైకిల్ కంపెనీ కొని, పెట్రోలు ట్యాంకుల్లో వాడి, 2016లో బజాజ్ 'వి' అని మార్కెట్లోకి వదిలింది. అరవై వేల పైచిలుకు పెడితే దేశభక్తి మీద కూచుని ఆఫీసుకి వెళ్ళొచ్చు. ఆ బండి కూడా ఇప్పుడు తయారవడం లేదు. మా నరసరావుపేట వీధుల్లో పాత ఇనప సామాన్లకి ఉల్లిపాయలిస్తామని అరుచుకుంటూ తిరిగే బండ్లు నాకు బాగా గుర్తు. కనీసం ఆ ఉల్లిపాయలతో ఆ పూట కూరైనా వండుకునేవాళ్ళం.

నా అభియోగం ఇది. ఆ ఓడని మనం డబ్బుల్లేక పోగొట్టుకోలేదు. దాని కథ మనం చెప్పుకోవాలనుకున్న కథలాగా లేకపోవడం వల్ల పోగొట్టుకున్నాం. ఆ ఓడ మనం కట్టింది కాదు. మనకోసం మొదలుపెట్టింది కూడా కాదు. ఇంకొకరి యుద్ధానికి మొదలై, యుద్ధం అయిపోయాక సగంలో ఆపేసిన పని. దాన్ని అడిగి, కొని, పూర్తి చేయించుకుని తెచ్చుకున్నాం. 'మేమే, మా సొంతంగానే' అని ఛాతీ చరుచుకునే కాలంలో ఇలాంటి పుట్టుక ఇబ్బంది. పేరు మాత్రం పనికొస్తుంది. అందుకే పేరు ఉంచుకుని ఒళ్ళు అమ్మేశాం.

ఆ పుట్టుక గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే సినిమాలో లేదు. 1943 అక్టోబరులో ఇంగ్లండులో, న్యూకాసిల్ దగ్గర టైన్ నది ఒడ్డున, వికర్స్-ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్ళ యార్డులో దీని పని మొదలైంది. పేరు హెర్క్యులిస్. హిట్లర్ మీదికీ జపాన్ మీదికీ పంపడానికి హడావుడిగా కట్టిన తేలికరకం విమాన వాహక నౌకల్లో ఇదొకటి. 1945 సెప్టెంబరు 22న నీళ్ళలోకి దించారు. అప్పటికి జపాన్ లొంగిపోయి మూడు వారాలే అయింది. పెళ్ళివారు వెళ్ళిపోయాక వండిన విందన్నమాట. బ్రిటన్ దగ్గర డబ్బుల్లేవు, శత్రువూ లేడు. దాదాపు ముప్పాతిక వంతు పూర్తయిన ఓడని అలాగే కట్టిపడేశారు. పదేళ్ళకి పైగా అది అలాగే ఉంది.

ఈ తరహావి మొత్తం ఆరు ఓడలు. ఆస్ట్రేలియా రెండు, కెనడా రెండు పుచ్చుకున్నాయి. లెవయథాన్ అనే ఒకదాన్ని అసలు పూర్తే చేయకుండా 1968లో విరిచేశారు. హెర్క్యులిస్ గతీ అదే అయ్యేది. 1957 జనవరిలో మనం కొన్నాం. విదేశీ మారకం కటకట మొదలైన సంవత్సరం అది. రెండో పంచవర్ష ప్రణాళికకి ఎలా నిధులు పోగేయాలా అని ఢిల్లీ తల పట్టుకున్న రోజులు. అలాంటప్పుడు విమానాలు మోసే ఓడ ఎందుకని అప్పుడు అడిగినవాళ్ళని నేను తప్పుపట్టను. ఆ ప్రశ్న ఈరోజుకీ న్యాయమైనదే. కానీ కొన్నాం. బెల్‌ఫాస్ట్‌లో, టైటానిక్‌ని కట్టిన హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డులోనే, మిగతా పని చేయించాం. మొదటి నక్షాలో లేనివి చేర్పించాం: ఏటవాలు రన్‌వే, విమానాన్ని ముందుకి విసిరే ఆవిరి కాటపల్టు, ఉష్ణదేశానికి తగ్గ ఏర్పాట్లు. 1961 మార్చి 4న అక్కడే విజయలక్ష్మీ పండిట్ చేతుల మీదుగా విక్రాంత్ అయింది. ఆ నవంబరులో బొంబాయి చేరింది, నెహ్రూ వెళ్ళి ఆహ్వానించారు.

1965 యుద్ధానికి అది పనికిరాలేదు. మరమ్మతుల కోసం బొంబాయి డాక్‌లో ఉంది. దాన్ని ముంచేశామని పాకిస్తాన్ ప్రకటించుకుంది కూడా. నాలుగు గోడల మధ్య ఆరబెట్టిన ఓడని ముంచడం గొప్ప విద్యే.

ఇప్పుడు 1971కి వద్దాం. ఇక్కడ కథ నవలలా ఉంటుంది, మన నవలాకారులు ఎవరూ ముట్టుకోకపోయినా.

విక్రాంత్ అప్పటికి జబ్బు ఓడ. నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్ళు. ఆ బాయిలర్ని పక్కన పెట్టి మిగతా మూడింటితో నడపాల్సిన పరిస్థితి, అంటే వేగం తగ్గుతుంది. మామూలు ఓడకి వేగం తగ్గితే ఆలస్యంగా చేరుతుంది, అంతే. విమాన వాహక నౌకకి అలా కుదరదు. విమానం లేవాలంటే దాని రెక్కల మీదుగా కావలసినంత గాలి పారాలి. డెక్కు పొట్టిది, అంత చోటులో అంత వేగం రాదు కాబట్టి ఓడే గాలికి ఎదురుగా పరుగెత్తి, గాలి వేగానికి తన వేగం కలుపుతుంది. ఓడ నెమ్మదిస్తే ఆ మేరకి గాలి తగ్గుతుంది, విమానం కిందికి జారి నీళ్ళలో పడే ప్రమాదం పెరుగుతుంది. ఈ ఓడని యుద్ధానికి తీసుకెళ్ళాలా, బొంబాయిలోనే ఉంచాలా అన్నది నిజంగా తేలని ప్రశ్న. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్, ఆయన మనుషులు తీసుకెళ్దామన్నారు. పశ్చిమ తీరంలో పాకిస్తాన్ కొత్త ఫ్రెంచి సబ్‌మెరీన్ల భయం ఉంది కాబట్టి దాన్ని తూర్పుకి పంపారు.

ఆ సంగతి పాకిస్తాన్‌కి తెలుసు. వాళ్ళ దగ్గర అంత దూరం రాగల సబ్‌మెరీన్ ఒక్కటే ఉంది. ఘాజీ. అది కూడా పాతదే. అసలు పేరు డయాబ్లో, అమెరికా నౌకాదళానిది, 1945 మార్చిలో సర్వీసులోకి వచ్చింది. యుద్ధరంగానికి వెళ్ళేలోపే యుద్ధం అయిపోయింది. 1960లలో పాకిస్తాన్‌కి అద్దెకిచ్చారు. ఇక విశాఖ దగ్గర దాన్ని ఎదుర్కొన్న మన ఓడ రాజ్‌పుత్. అది బ్రిటిష్ డిస్ట్రాయర్ రోథరమ్, 1942 నాటిది, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మనకి వచ్చింది.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. వేటాడటానికి వచ్చినది, వేటకి ఎరగా నిలబడినది, దాక్కున్నది. మూడూ రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చిన సామాన్లు. తెల్లవాళ్ళ యుద్ధం కోసం తెల్లవాళ్ళు పోత పోసిన ఇనుము, పాతికేళ్ళ తర్వాత మన తీరం ముందు, ఒకే దేశం నుంచి విడిపోయిన రెండు దేశాల కుర్రాళ్ళని మోసుకుంటూ ఒకదాన్నొకటి వెతుక్కుంది. డయాబ్లో అంటే స్పానిష్‌లో దెయ్యం. హెర్క్యులిస్ గ్రీకుల భీముడు. వాటికి ఘాజీ అనీ విక్రాంత్ అనీ మన మన వీరనామాలు పెట్టుకున్నాం. దీనికి మించిన ఇతివృత్తం ఏ రచయితకి కావాలి?

తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన చేసిన పని యుద్ధవిద్య కన్నా నాటకానికి దగ్గర. విక్రాంత్‌ని నవంబరులోనే అండమాన్ల వైపు పంపేసి, అది విశాఖలోనే ఉన్నట్టు నటించారు. రాజ్‌పుత్‌ని విశాఖకి దూరంగా సముద్రంలోకి పంపి, పెద్ద ఓడ ఒకటి అక్కడుందని అనిపించేంత వైర్‌లెస్ రద్దీ పుట్టించారు. విక్రాంత్‌లో పనిచేసే నావికుడొకడు జబ్బుపడిన తన తల్లి ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు ఒక మామూలు సందేశం, సంకేత భాషేమీ లేకుండా, శత్రువు చెవిన పడేట్టు పంపారు. విశాఖ బజార్లో కాంట్రాక్టర్లకి భారీగా మాంసం, కూరగాయలు, రేషన్ ఆర్డర్లిచ్చారు. ఊళ్ళో గూఢచారులుంటారు, చూసి చెబుతారు, నౌకాదళం మొత్తం రేవులోనే ఉందని నమ్ముతారు. ఇవన్నీ ఆయన తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నవే.

అంటే ఏమిటి? విశాఖపట్నం ఊరు ఊరంతా ఎర. వంకాయలు తూచినవాడు, గొర్రెలు తోలుకొచ్చినవాడు, బస్తాలు మోసినవాడు, అందరూ తమకి తెలియకుండానే ఒక నాటకంలో వేషాలు వేశారు. ఎదుట సముద్రంలో టార్పెడోలతో, మందుపాతరలతో ఒక సబ్‌మెరీన్ తిరుగుతున్నప్పుడు. ఎవరూ వాళ్ళ అనుమతి అడగలేదు. అడిగే వీలు కూడా లేదు. కృష్ణన్‌ని నేను నిందించడం లేదు, ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేసేవారేమో. కానీ ఆ ఊరు పోషించిన పాత్రని ఆ ఊరి భాష ఎందుకు రాసుకోలేదు?

డిసెంబరు 3 అర్ధరాత్రి రాజ్‌పుత్ రేవు దాటి బయటికొస్తూ నీటిలో అనుమానం వేసిన చోట డెప్త్ ఛార్జీలు వదిలింది. కాసేపటికి పెద్ద పేలుడు. తీరంలో కిటికీ అద్దాలు కదిలిపోయాయి. ఘాజీ తొంభైమందికి పైగా మనుషులతో మునిగిపోయింది, ఒక్కరూ బతకలేదు. రాజ్‌పుత్ ముంచిందని మన నౌకాదళం అంటుంది. లోపలి పేలుడో, తను పరుచుకున్న మందుపాతరే తగిలిందో అని పాకిస్తాన్ అంటుంది. మన నౌకాదళంలో పనిచేసిన కొందరు కూడా ఆ రెండో మాట వైపు మొగ్గారు. తెల్లారాక నీటి మీద చమురు తెట్టె, తేలిన సామాన్లు జాలర్ల కంటపడ్డాయి. జాలర్లు చెబితేనే నౌకాదళానికి ఆనవాళ్ళు చిక్కాయి. విక్రాంత్ మాత్రం అప్పటికే వందల మైళ్ళ అవతలుంది. డిసెంబరు 4న దాని మీంచి సీహాక్ విమానాలు లేచి కాక్స్ బజార్ మీద, ఆ తర్వాత చిట్టగాంగ్ మీద బాంబులు వేశాయి. పగిలిన బాయిలర్తోనే. ఆ ఓడ మనుషులకి రెండు మహావీర చక్రాలు, పన్నెండు వీర చక్రాలు వచ్చాయి.

సినిమా ఈ కథని తీసుకుని ఏం చేసింది? ఎస్-21 అనే భారత సబ్‌మెరీన్‌ని పుట్టించి, దానితో ఘాజీని ముంచింది. ఆ రాత్రి విశాఖ ముందు అలాంటి సబ్‌మెరీన్ ఏదీ లేదు. కల్పన అని వాళ్ళే మొదట్లో ఒక కార్డు వేశారు, చట్టరీత్యా సరిపోతుంది. సినిమాకి కల్పన చేసే హక్కు ఉంది, అది నా తగువు కాదు. ఏ దిక్కుకి కల్పన చేసిందన్నదే నా తగువు. జబ్బు ఓడ, ముసలి డిస్ట్రాయర్, దొంగ టెలిగ్రామ్, కూరగాయల ఆర్డరు, తేలని ముగింపు. ఇన్ని ఉన్నచోట అన్నీ తుడిచేసి ఒక శుభ్రమైన ద్వంద్వయుద్ధం పెట్టింది. నీటిలో జాతీయగీతం పాడించింది. ఎవరు ముంచారో తెలియని చావుని మన ఖాతాలో వేసుకుంది. నేను చదివిన తెలుగు సమీక్షలన్నీ సెట్టు బాగుంది, గ్రాఫిక్స్ బాగున్నాయి, బడ్జెట్ తక్కువ అన్నాయి. ఒక ఊరిని దాని సొంత కథలోంచి బయటికి పంపేశారన్న మాట నాకెక్కడా కనపడలేదు.

ఆ సినిమా చూసి విశాఖ ఆర్.కె. బీచ్‌కి వెళ్ళినవాడు అక్కడ ఒడ్డెక్కించిన కురుసుర సబ్‌మెరీన్‌ని చూసి, ఘాజీని ముంచింది ఇదే అనుకుంటే అతని తప్పేముంది? కురుసుర 1971లో అరేబియా సముద్రంలో ఉంది. ఆ రాత్రితో సంబంధం లేని ఓడని బీచ్‌లో పెట్టుకున్నాం, సంబంధం ఉన్న ఓడని ట్యాంకులు చేశాం.

ఇక తుక్కు సంగతి. విక్రాంత్ 1997 జనవరి 31న రిటైరైంది. కొన్నాళ్ళు ముంబైలో తేలే మ్యూజియంగా ఉంచారు, 2012లో భద్రత లేదని మూసేశారు. ఓడ అడుగు తుప్పు పట్టింది, జనాన్ని ఎక్కించలేమన్నారు. నిర్వహణ భరించలేమని మహారాష్ట్ర ప్రభుత్వం చేతులెత్తేసింది. కోర్టుకెళ్ళినవాళ్ళ పిటిషన్‌ని బొంబాయి హైకోర్టు కొట్టేసింది, 2014 ఆగస్టులో సుప్రీంకోర్టు చివరి అడ్డు తీసేసింది. ఆ నవంబరుకి గ్యాస్ కట్టర్లు పని మొదలుపెట్టాయి. ముంబైలో లయన్ గేట్ దగ్గర ఆ ఇనుముతో చేసిన ఒక చిన్న స్మారకం ఉంది, అది కాదనను. తర్వాత విరాట్‌దీ అదే దారి. దాన్ని విశాఖ తెచ్చి మ్యూజియం చేస్తామని మన రాష్ట్ర ప్రభుత్వం కొన్నాళ్ళు ఉత్సాహంగా ప్రకటనలిచ్చింది. 2020లో 38 కోట్ల పైచిలుకుకి అలంగ్ యార్డుకి పోయింది.

"తుప్పు పట్టిన ఓడని సెంటిమెంటుతో తేల్చలేం, ఆ డబ్బుతో ఆసుపత్రి కట్టొచ్చు" అనే మిత్రులున్నారు. వాళ్ళ మాటలో సగం నిజం. ఉప్పునీళ్ళలో 213 మీటర్ల ఉక్కు పెట్టెని బతికించడం ఏటేటా ఖర్చు. కానీ ఆ అరవై కోట్లతో ఏ ఆసుపత్రి కట్టారు? పైగా మొత్తం ఓడ ఉంచమని ఎవరన్నారు? డెక్కులోంచి ఒక ముక్క, ఆదేశాలిచ్చిన బ్రిడ్జి గది, ఒక బాయిలర్. ఇవి మూడూ తెచ్చి విశాఖ ఇసుకలో పెడితే చాలు. జబ్బు బాయిలర్ అంటే ఏమిటో పిల్లలు తడిమి చూసేవాళ్ళు.

డబ్బుల్లేవన్న మాట నా దగ్గర అసలే చెల్లదు. నేను పల్నాడు వాణ్ణి. మాచర్ల అవతల కృష్ణలో ఒక కొండ ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేసేనాటికి, ఆ లోయ మొత్తం నీళ్ళలోకి పోతుందని అందరికీ తెలుసు. ఇక్ష్వాకుల విజయపురి అది. 1926లో సూరపరాజు వెంకట్రామయ్య అనే బడిపంతులు ఒక పాత స్తంభం చూసి పై అధికారులకి చెబితే లోకానికి తెలిసిన చోటు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆ లోయని తవ్వారు. దొరికిన కట్టడాల్లో ముఖ్యమైనవాటిని ఇటుకా ఇటుకా విప్పి, కొండ మీదికి ఎక్కించి మళ్ళీ కట్టారు. కొన్నిటిని అనుపులో కట్టారు. ఆ కొండ ఇప్పుడు ద్వీపం, పైన మ్యూజియం. అక్కడి ఊళ్ళ జనాన్ని కూడా అంతే జాగ్రత్తగా తరలించారా అన్నది ఇంకో వ్యాసం, అదీ ఎవరైనా రాయాలి. నేను చెప్పేదేమిటంటే, హెర్క్యులిస్‌ని కొనడానికి విదేశీ మారకం లెక్కపెట్టుకున్న అదే పేద దేశం, అవే సంవత్సరాల్లో, పదిహేడు వందల ఏళ్ళ నాటి ఇటుకల్ని కొండెక్కించింది. అరవై ఏళ్ళకి అంతకన్నా ఎన్నో రెట్లు డబ్బున్న దేశం ఒక బాయిలర్ని బీచ్‌కి ఎక్కించలేకపోయింది.

ఇంకా దగ్గరికి రండి. కారెంపూడికి. పన్నెండో శతాబ్దం చివర అక్కడ సవతి అన్నదమ్ములు కొట్టుకు చచ్చారు. నలగామరాజు, మలిదేవరాజు. ఈవైపు బ్రహ్మనాయుడు, ఆవైపు నాగమ్మ. ఏటా కార్తీక అమావాస్యతో వీరుల తిరునాళ్ళు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు, అయిదు రోజులు. ఎక్కడెక్కడి వీరాచారవంతులో తమ ఇళ్ళలో దాచుకున్న వీరుల ఆయుధాలు, కొణతాలు, మోసుకొస్తారు. నాగులేటిలో కడిగి పూజ చేస్తారు. ఎనిమిది వందల ఏళ్ళ నాటి యుద్ధం, ఇంకా ఇనుము దగ్గరుంది. వాటిని కరిగించి నాగలి కర్రుకి వేసుకుందామని కరువు కాలంలో కూడా ఎవరూ అనలేదు. పల్నాడు కరువు ఎలా ఉండేదో శ్రీనాథుడి చాటువులు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆ కథని ఎవరు నిలబెట్టారో కూడా చూడండి. శ్రీనాథుడి కావ్యం ఒకటుంది, నిజమే. కానీ రాత్రంతా కత్తి పట్టుకుని పాడుతూ దాన్ని ఊరూరా బతికించింది మాలల్లోని వీరవిద్యావంతులు. జీన్ రోగేర్ అనే అమెరికన్ వచ్చి, ఆలిసెట్టి గాలెయ్య పాడిన కథని రికార్డు చేసుకుని వెళ్ళి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ నుంచి ఇంగ్లీషులో పుస్తకం తెచ్చాడు. గాలెయ్యకి ప్రభుత్వం బడ్జెట్ ఇవ్వలేదు. ఆ కథలో మన పక్షం వాళ్ళు గెలిచారని కూడా లేదు. కోడిపందెంలో ఓడిపోవడం ఉంది, మాట తప్పడం ఉంది, పసివాడు బాలచంద్రుడు చావడం ఉంది, మాల కన్నమదాసు సేనాపతిగా ఉండటం ఉంది. తేలని విషయాల్ని తేలనట్టే పాడారు. నీటుగా ఉండాలని ఎస్-21ని ఎవరూ చేర్చలేదు.

కారెంపూడిని ఆకాశానికెత్తుతున్నానని కొందరికి అనిపించొచ్చు. ఆ వీరారాధనలో నెత్తురు వాసన ఉంది, మా ప్రాంతపు ఫ్యాక్షన్ నాయకులు ఆ పౌరుషం మాటల్ని ఎలా వాడుకున్నారో మాకు బాగా తెలుసు. అయినా ఒక తేడా ఉంది. అక్కడి ఇనుము మీద ప్రశ్నలున్నాయి. ఏటా అన్నదమ్ముల తగువు మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి, ఏటా ఎవరిది తప్పని మళ్ళీ వాదించుకోవాలి. బైకు ట్యాంకు మీద ప్రశ్నలుండవు, ఈఎంఐ మాత్రం ఉంటుంది.

ఘాజీ సంగతి చెప్పి ముగిస్తాను. అది ఇంకా అక్కడే ఉంది, విశాఖ ఎదుట, సముద్రం అడుగున. 2024లో మన నౌకాదళం లోతుల్లోకి దిగే తన రక్షణ వాహనంతో దాన్ని మళ్ళీ గుర్తించినట్టు వార్తలొచ్చాయి. లోపల మనుషులున్నారు కాబట్టి ముట్టుకోలేదు. మంచి పని చేశారు. శత్రువు ఓడకి మన నీళ్ళలో సమాధి మర్యాద దక్కింది. దాని మీద సినిమా ఉంది, బీచ్‌లో ఆ విజయానికి స్తూపం ఉంది.

ఇప్పుడు మనం, అంటే కథలూ కవితలూ రాస్తున్నామని చెప్పుకునే మనం, చేయగలిగింది ఓడని వెనక్కి తేవడం కాదు. ఆ రాత్రి పదేళ్ళున్న పిల్లలకి ఇప్పుడు అరవై దాటాయి. పెద జాలారిపేటలో, వన్‌టౌన్‌లో, అద్దాలు కదిలిన చప్పుడు విన్నవాళ్ళు ఇంకా ఉంటారు. చమురు తెట్టె చూసిన పడవల వాళ్ళ కొడుకులు, మనవలు ఉంటారు. వారాంతానికి అరకు వెళ్ళే రైలు విశాఖలో ఎలాగూ ఆగుతుంది. దిగి వాళ్ళని అడగండి, ఫోన్‌లో రికార్డు చేయండి, వాళ్ళ భాషలో ఉన్నదున్నట్టు రాయండి. నౌకాదళానికి మాంసమూ కూరగాయలూ సప్లై చేసిన కాంట్రాక్టర్ల ఇళ్ళలో అటక మీద పాత ఖాతా పుస్తకాలు మిగిలి ఉంటే, వాటిలో 1971 నవంబరు పేజీలు చూడాలి. పాత కాగితాల వాడు ఆ వీధిలోకి రాకముందే.